విప్పి మళ్ళీ కుట్టిన పొట్లం

అరచేతిలో పెట్టుకుంటే కోడిగుడ్డంత బరువు కూడా ఉండదు. తెల్లగా, నున్నగా, మధ్యలో గుండ్రటి చక్రంతో ఉంటుంది. పాటలు వినే మిషను. మా బీరువా అడుగు అరలో, నా పెళ్లిచీర కింద ఏళ్ల తరబడి పడి ఉంది. ఇంట్లో ఎవరూ దాన్ని అడగరు. నేనూ తియ్యను. కానీ ఆ బీరువా తలుపు తెరిచినప్పుడల్లా నా చెయ్యి ఆ అర దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఆ కోడిగుడ్డంత బరువే. ఇక మొయ్యలేను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యం ఉంటే ఇది రాయాల్సిన పనే లేదు. ఒక్కటి ముందే చెబుతున్నాను, నన్ను ఓదార్చకండి. పోనీలెండి, ఎప్పుడో జరిగిపోయింది అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నాకు కోపం ఎక్కువ. మా ఊళ్లో అందరికీ తెలుసు. మనిషి మంచిదే కానీ నోరు చెడ్డది అంటారు నా గురించి. కాదు. నా నోరు నాకు బాగానే కాపలా కాసింది. చెడ్డది ఇంకేదో.

మాది రాజోలు దగ్గర పల్లె. మా ఆయన కొబ్బరి దింపు తీసేవారు. చెట్టు మీంచి పడి నడుము పోయాక నేను కువైట్ వెళ్లాను, ఇంటిపనికి. నేను వెళ్లిన విమానంలోనే మామిడికుదురు నుంచి లక్ష్మి అనే ఆవిడ కూడా వచ్చింది. భర్త లేడు. ఒక్కతే కూతురు, దుర్గ. ఆ పిల్లని అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చింది. లక్ష్మికీ నాకూ చుట్టరికం ఏమీ లేదు. మా వైపు నాలుగు మాటలు కలిస్తే వరస అదే కలిసిపోతుంది. విమానం దిగేసరికే నేను ఆమెకి వదినగారిని అయిపోయాను.

అక్కడ మా ఆడవాళ్లకి ఒక పద్ధతి ఉండేది. ఎవరు సెలవుకి ఇంటికి బయలుదేరినా మిగతావాళ్లంతా తలా ఒక పొట్లం తెచ్చి ఇచ్చేవారు. సబ్బులు, సెంటు సీసాలు, పిల్లలకి గౌన్లు. ఆ పొట్లాన్ని పాత చీర ముక్కలో పెట్టి నాలుగు వైపులా కుట్టేసి, పైన పెన్నుతో పేరూ ఊరూ రాసేవాళ్లం. కుట్టిన పొట్లం అంటే అందులో ఏముందని మోసేవాళ్లు అడగకూడదు. విమానాశ్రయంలో అధికారులు విప్పించమంటే విప్పాలి, అది వేరే సంగతి. అలా విప్పినదాన్ని చాలామంది అలాగే ఇచ్చేసేవారు. మళ్ళీ కూర్చుని కుట్టే ఓపిక ఎవరికుంటుంది?

నాకుంది. అక్కడే ఉంది అసలు సంగతంతా.

దుర్గ అప్పుడు అమలాపురంలో ఇంటర్ చదువుతోంది. తల్లిని ఎప్పుడూ ఏదీ అడగని పిల్ల, ఒక్కసారి పేరున్న కంపెనీ పాటల మిషను అడిగింది. కాలేజీలో ఎవరి చేతిలోనో చూసిందట. లక్ష్మికి ఆ పేరు నోరు తిరిగేది కాదు. తెల్లగా ఉంటుందటండీ, మధ్యన చక్రం ఉంటుందటండీ అని చెప్పేది. అదృష్టం చూడండి, ఆమె పనిచేసే ఇంట్లో మేడం కూతురు కొత్తది కొనుక్కుని పాతది ఈమె చేతిలో పెట్టింది. వారానికోసారి మేమంతా కలిసేది శుక్రవారమే. ఆ శుక్రవారం లక్ష్మి మొహం చూడాల్సింది. ఊరేగింపులో దేవుణ్ని మోస్తున్నట్టు దాన్ని రెండు చేతులతో పట్టుకొచ్చి నాకు చూపించింది. తర్వాత పాత నీలం చీర ముక్కలో పెట్టి నా కళ్ల ముందే కుట్టింది. వంకర టింకర కుట్టు. ఆమెకి చూపు ఆనేది కాదు.

నేను మర్నాడు ఇంటికి బయలుదేరాలి. నా పెట్టెలో కూడా ఒక పాటల మిషను ఉంది. మా వాడు అడిగితే అక్కడి సంతలో కొన్నాను. వాడు అడిగిందీ పేరున్నదే. నా డబ్బుకి అందింది మాత్రం పేరే లేనిది. తెల్లగానే ఉంటుంది, చెవుల్లో పెట్టుకునే తీగలూ తెల్లవే. కానీ చక్రం ఉండాల్సిన చోట ప్లాస్టిక్ మీద గుండ్రంగా గీత గీశారు, అంతే. ఎంత నొక్కినా తిరగదు. చూస్తే ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. కొన్న నేనే కదా? అయినా దాని మీదే కోపం.

అప్పుడు నాలో నేను ఏం అనుకున్నానో దాచకుండా రాస్తాను. లక్ష్మికి అది ఊరికే వచ్చింది, నేను చాకిరీ చేసి కొన్నాను అనుకున్నాను. ఊరికే వచ్చినదానికి బదులు కొన్నది ఇస్తే అది దొంగతనం ఎలా అవుతుంది అనుకున్నాను. ఆమెకి తేడా తెలియదు, ఆ పిల్ల కూడా పాటలు వస్తే చాలనుకుంటుంది, నా కొడుకు మాత్రం తేడా కనిపెట్టి మొహం ముడుచుకుంటాడు అనుకున్నాను. ఎంత తెలివో చూడండి. వీటిలో ఒక్క మాటా నిలబడదు, అయినా అన్నీ కలిసి నా చేత కత్తెర పట్టించాయి. ఒక పక్క కుట్టు విప్పాను. అది తీశాను, ఇది పెట్టాను. మళ్ళీ కుట్టాను. చేతికి అలవాటైన పని, సన్నగా కుట్టేశాను. లక్ష్మిలా వంకరగా కుట్టాలన్న ఆలోచన కూడా రాలేదు. దొంగతనం చేస్తూ కూడా పని నీటుగా ఉండాలి నాకు.

ఇంటికి వచ్చిన వారానికి దుర్గ అమ్మమ్మతో కలిసి పొట్లం కోసం మా ఇంటికి వచ్చింది. కుట్లు కదపకుండా బ్లేడుతో గుడ్డని ఒక కొసన కోసి, చెయ్యి లోపల పెట్టి తీసింది. వేలితో ఆ గీత మీద ఒకసారి రాసింది. తిరగలేదు. మళ్ళీ రాసింది. నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల తలెత్తి, బాగుందండీ అత్తయ్యగారూ, శ్రమపడి తెచ్చేరు అంది. ఏడిచినా, విసిరికొట్టినా నాకు కొంత తేలికయ్యేదేమో. ఈ కోనసీమ మర్యాద ఉంది చూశారూ, దొంగని కూడా కుర్చీ వేసి కూర్చోబెడుతుంది.

కాలేజీలో అందరికీ ముందే చెప్పుకుందట, మా అమ్మ ఫలానాది పంపిస్తోందని. ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆ కోపం తల్లి మీద చూపించింది. ఫోనులో అబద్ధాలాడావంది. తర్వాత చాలాకాలం ఫోను దగ్గరకే రాలేదు.

సెలవయ్యాక నేను తిరిగి వెళ్లిన మొదటి శుక్రవారమే లక్ష్మి వచ్చింది. అటూ ఇటూ తిరిగి, టీ తాగి, మా ఆయన ఆరోగ్యం అడిగి, అప్పుడు నోరు విప్పింది.

"వదినగారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. దారిలో ఎక్కడైనా పొట్లం విప్పించేరా అండీ? అమ్మాయి అది కాదంటోందండి."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె ఇంకేమీ అనకముందే నేను లేచాను.

"విప్పించేరు. అయితే ఏంటి? నేను మార్చేసేనంటావా?"

"అయ్యో, అలాగ కాదండీ."

"మరెలాగ? నీ పొట్లం మోసిన పాపానికి నన్ను దొంగని చేస్తావా? అనుమానం ఉంటే పోయి మీ మేడం కూతుర్నే అడుగు. నీకేదిచ్చిందో ఆ పిల్లకి తెలుస్తుంది."

"ఆయ్. తప్పయిపోయిందండీ వదినగారూ. నా నోరు పడిపోను."

నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను చేతులు లాక్కున్నాను. నాకు నిజంగానే కోపం వచ్చింది, అది మీకు అర్థం కావాలి. నటించలేదు. దొంగతనం చేసింది నేను, అవమానం జరిగింది నాకే అన్నంత కోపం. ఎక్కడినుంచి వచ్చింది అది? తప్పు చేసినవాళ్లకి భయం వస్తుందంటారు, సిగ్గు వస్తుందంటారు. నాకు కోపం వచ్చింది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా నేను ఎవరి మీద గొంతెత్తినా, కూరగాయల అతని మీదైనా, కోడలి మీదైనా, ఒక్కటే ప్రశ్న వేసుకుంటాను. ఇది ఆ కోపమేనా?

లక్ష్మి అడిగింది. నేను అడగమన్నాను కాబట్టి అడిగింది. వచ్చీరాని అరబ్బీలో, నాకిచ్చింది అసలుదేనా అని. ఇచ్చినదాన్ని నకిలీ అంటోందని ఆ పిల్లకి రోషం వచ్చింది. పనిమనిషి మన పిల్లని మోసగత్తె అంటుందా అని మేడం ఆమెని తిరిగి ఏజెంటుకి అప్పగించింది. ఏజెంటు పంపిన కొత్త ఇంట్లో మంచం దిగని ముసలావిడ ఉంది, భారీ మనిషి. ఎత్తి కూర్చోబెట్టడం, దించి పడుకోబెట్టడం, మూడంతస్తుల మెట్లు. అంతకుముందు ఉన్న ఇల్లు మంచిది. వేళకి తిండి పెట్టేవారు, శుక్రవారం పంపేవారు. ఈ ఇంటికి వెళ్లాక ఆమె ఏ శుక్రవారమూ రాలేదు. నేనూ వాకబు చెయ్యలేదు. దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాను.

ఇంతకీ నా కొడుకు ఏం సుఖపడ్డాడు? ఆ పేరున్నదానికి పాటలెక్కించాలంటే కంప్యూటరులో దాని సొంత ప్రోగ్రాం ఉండాలట. రాజోలులో ఇంటర్నెట్ సెంటరు కుర్రాడు ఏదో నొక్కితే ఉన్న అరబ్బీ పాటలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి, కొత్తవి ఎక్కలేదు. మా వాడు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, తీగలు చెవుల్లో పెట్టుకుని, ఏమీ వినపడకుండానే ఊళ్లో కొన్నాళ్లు తిరిగాడు. తర్వాత బ్యాటరీ ఉబ్బింది. విప్పుదామంటే ఊడదు, మార్చుదామంటే దొరకదు. బీరువాలో పడేశాను. ఒక మనిషి బతుకు కదిపి తెచ్చిన వస్తువు నా కొడుక్కి నాలుగు పాటలు వినిపించలేదు.

దుర్గ దగ్గరున్నది మాత్రం నవ్వుతూ బతికింది. కిరాణా కొట్టులో దొరికే సన్న బ్యాటరీ ఒకటి వేస్తే చాలు. అయిపోతే పంటితో కొరికి మళ్ళీ వేసేదట, ఇంకో రెండు పాటలు వచ్చేవట. మూత విరిగితే రబ్బరు బ్యాండు. తెలుగు పాటల పేర్లు దాని తెర మీద డబ్బాలు డబ్బాలుగా కనపడేవి, ఏ పాటో మొదలైతే గానీ తెలిసేది కాదు. మొదట్లో అసహ్యించుకున్న పిల్లే అలవాటుపడింది. దానికి రేడియో వచ్చేది. ఇంకొకటి కూడా ఉంది, పక్కన చిన్న బటను. నొక్కితే మన మాట దాంట్లో పడుతుంది. పాఠాలు తన గొంతుతో చదివి అందులో పెట్టుకుని, బస్సులో వింటూ చదువుకుంది. ఇప్పుడు అమలాపురంలో టీచరు.

లక్ష్మి తర్వాత కొన్నేళ్లకి వచ్చేసింది, నడుం వంగిపోయి. నేనూ వచ్చేశాను. మామిడికుదురు నుంచి మా ఊరు ఎంత దూరం? వెళ్లలేదు. ఆమే వచ్చింది, కర్ర పట్టుకుని, మా తలుపు దగ్గర నిలబడి, బాగున్నారా వదినగారూ అంటూ. కూతురు మళ్ళీ ప్రేమగా ఉంటోందని చెప్పి మురిసిపోయింది. చెప్పడానికి అంతకంటే మంచి రోజు ఉండదు. చెప్పలేదు. వెళ్లేటప్పుడు అరటిపళ్లు ఇచ్చాను. అరటిపళ్లు! తల్చుకుంటే ఇప్పటికీ నా చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

లక్ష్మి పోయింది. కిడ్నీలు పాడయ్యాయన్నారు. నేను చంపానని అనను, అలా అనుకోవడం కూడా ఒక రకం గొప్పలు చెప్పుకోవడమే. ఆ మంచి ఇంట్లోనే ఉండి ఉంటే ఇంకొన్నాళ్లు బతికేదా? ఎవరు చెప్పగలరు? ఎవరూ చెప్పలేరు కాబట్టి నేను నిర్దోషినా? ఈ లెక్క నాకు తెగదు.

పదకొండో రోజున దుర్గ నా పక్కన కూర్చుని ఒక మాట అంది. మంచిదే అయింది అత్తయ్యగారూ, ఆ పేరున్నదైతే మాట పట్టే బటను ఉండేది కాదట, దీంట్లో కాబట్టి అమ్మ గొంతు మిగిలింది అని. వింటారా అని తీసి ఇవ్వబోయింది. నేను తలనొప్పని లేచి వచ్చేశాను. అప్పుడు నాకు ఆ పిల్ల మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నా పాపాన్ని తీసుకెళ్లి దేవుడి గదిలో పెట్టుకుంటుందా? నేను దొంగిలించినందువల్ల మేలు జరిగిందంటే నేనేమైపోవాలి? తిట్టించుకునే దారి కూడా మూసేసింది. తర్వాత ఎన్నిసార్లు వచ్చి వినమన్నా ఏదో వంక చెప్పి తప్పించుకున్నాను.

మొన్న అది పని చెయ్యడం మానేసింది. మా వాడికి రాజోలులో సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు ఉంది. దుర్గ దాన్ని తెచ్చి, అమ్మ గొంతు పోకుండా చూడమనండి అత్తయ్యగారూ, ఆదివారం వచ్చి తీసుకెళతాను అని నా చేతికిచ్చింది. అదే నీలం చీర ముక్కలో చుట్టి ఇచ్చింది. కొస కోసిన గుడ్డ, కుట్లు కుట్లలాగే ఉన్నాయి. మూడు పక్కల వంకర కుట్టు. ఒక పక్క సన్నకుట్టు.

మా వాడు మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు విప్పి, తుప్పు గీకి, తీగ అతికించాడు. ఇలాంటి చవకవే నయం అమ్మా, విప్పితే విప్పుకుంటాయి అన్నాడు. బ్యాటరీ వేసి నొక్కాడు. తప్పించుకునే వ్యవధి లేదు. లక్ష్మి మా వంటింట్లోకి వచ్చేసింది.

"ఏం చెప్పనే? పడుతోందా ఇందులో? ఆయ్. ఇది కువైట్ నించి పంపేనమ్మా నీకు. ఏదో అంటగట్టేసింది ఆ మేడం కూతురు నాకు, నేను మోసపోయేను. అయినా వదినగారు ఎంత భద్రంగా తెచ్చేరనీ. దారిలో విప్పించినా మళ్ళీ కూచుని కుట్టేరు చూడు. నా కుట్టు నాకు తెలీదా, నాది వంకర. ఈ పక్కంతా ఆవిడ కుట్టే. పరాయివాళ్ల పొట్లాన్ని అంత శ్రద్ధగా ఎవరు కుడతారే? ఆవిడ్ని మర్చిపోకు."

మా వాడు నవ్వుతూ, నీ గురించేనే అన్నాడు. అన్నం తిని కొట్టుకి వెళ్లిపోయాడు.

నేను మళ్ళీ నొక్కి విన్నాను. ఆమెకి తెలుసా? కుట్టు పోల్చగలిగిన మనిషి, మిగతాది పోల్చలేదా? తెలిసీ మర్చిపోకు అందా, తెలియక అందా? ఎన్నిసార్లు తిప్పి విన్నా ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బతికిపోదును. ఆమె నన్ను మెచ్చుకుంది. నా దొంగతనానికి మిగిలిన ఒక్క సాక్ష్యం ఆ కుట్టు, దాన్ని పట్టుకుని మెచ్చుకుంది. నా మీద నాకు వచ్చిన కోపానికి ఈసారి మీద పడడానికి ఇంకో మనిషి దొరకలేదు.

పక్కన బటను ఉందని చెప్పాను కదా. నొక్కాను. తెర మీద చిన్న మైకు బొమ్మ వచ్చింది. మొదట దగ్గు పడింది. తర్వాత చెప్పాను. దుర్గా, మీ అమ్మ అబద్ధమాడలేదు, ఎవరి చేతిలోనూ మోసపోలేదు, నా చేతిలో తప్ప, అన్నాను. ఆ మేడం కూతురు ఇచ్చింది అసలుదే, మార్చింది నేను, మీ అమ్మ మెచ్చుకున్న కుట్టు అప్పుడు వేసిందే, ఆమెని ఆ ఇంటి నుంచి గెంటించిందీ నేనే, అన్నాను. క్షమించమని అడగలేదు. నాకు అడిగే హక్కు లేదు, ఇవ్వాల్సిన మనిషి లేదు. బటను వదిలాక మళ్ళీ నొక్కి విన్నాను. ముందు లక్ష్మి గొంతు, దాని వెనక నాది. నా గొంతులో కోపం లేదు. అలాంటి గొంతు నాకుందని నాకే తెలియదు.

బీరువాలోంచి తెల్లదాన్ని తీశాను. రెండింటినీ ఆ నీలం గుడ్డలో పెట్టాను. రేపే ఆదివారం. దుర్గ వచ్చేసరికి అది ముందుగది బల్ల మీద ఉంటుంది. అలవాటు కొద్దీ సూదీ దారం కూడా తెచ్చుకుని పక్కన పెట్టుకున్నాను. కాసేపు చూసి, తీసుకెళ్లి డబ్బాలో పెట్టేశాను. ఈసారి కుట్టలేదు.